బావ కారులో చప్పుడు

షెడ్డు ముందు కారు ఆగితే మేస్త్రి వెంటనే లేచి ఎదురు వెళ్ళేవాడు కాదు. చేతిలో ఉన్న పానా కింద పెట్టి, తల కొంచెం పక్కకి వంచి, కళ్ళు మూసుకునేవాడు. డ్రైవరు ఇంజను ఆపబోతే "ఉండు, ఆపకు" అని చెయ్యెత్తేవాడు. అలా ఒక నిమిషం విని, "మూడో సిలిండరు. రాడ్డు బేరింగు పోయింది. ఇంకో యాభై కిలోమీటర్లు తోలుంటే ఆ రాడ్డు బయటికొచ్చి నీకు నమస్కారం పెట్టేది" అనేవాడు. బానెట్ ఎత్తకుండానే.

ఎత్తి, ఆయిలు దింపి చూస్తే, నల్లటి ఆయిల్లో బంగారు రజనులా బేరింగు పొడి మెరుస్తూ ఉండేది. మూడో సిలిండరు విప్పితే అక్కడే అరుగుదల కనపడేది. అందుకే ఆయనకి చెవి మేస్త్రి అని పేరు పడింది. అసలు పేరు కరెంటు బిల్లు మీద మాత్రమే మిగిలింది. పోస్టుమాను కూడా "చెవి మేస్త్రిగారూ, ఉత్తరం" అనే పిలిచేవాడు.

ఈ విద్య ఆయనకి తన గురువు దగ్గర అబ్బింది. ఆ ముసలాయన ఇంజను వినకుండా దాని మీద చెయ్యేస్తే రబ్బరు గొట్టంతో వేళ్ళ మీద ఒక్కటిచ్చేవాడట. "చేత్తో చూసేది తర్వాత, ముందు చెవితో చూడరా" అనేవాడట. అలా మూడేళ్ళు చూశాక మేస్త్రికి ఇంజను లోపల ఏ మూల ఏం జరుగుతోందో ఇంట్లో పక్కగది మాటల్లా వినపడడం మొదలైంది. వాల్వుల్ని నొక్కే ట్యాపెట్లు వదులైతే గోడగడియారంలా టిక్కుటిక్కుమంటాయి. పిస్టను అరిగితే పొద్దున్నే ఎవరో తలుపు బాదినట్టుంటుంది, ఇంజను వేడెక్కే కొద్దీ సర్దుకుంటుంది. బేరింగు పోతే దెబ్బ కడుపులోంచి వస్తుంది, బరువు మీద ఎక్కువవుతుంది. అనుమానం వస్తే పొడుగాటి స్క్రూడ్రైవరు తీసి, మొన ఇంజను మీద ఆనించి, పిడి చెవి వెనక ఎముకకి పెట్టుకునేవాడు. అప్పటికీ తేలకపోతే ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటే లాగి చూసేవాడు. ఏ వైరు లాగితే చప్పుడు తగ్గుతుందో దొంగ ఆ గదిలో ఉన్నట్టు. ముప్పై అయిదేళ్ళలో ఆయన మాట తప్పిన సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టుకోవచ్చు. ఆయన లెక్కపెట్టుకున్నాడు కూడా. నాలుగు.

షెడ్డుకి రేకుల పైకప్పు. పక్కనే బ్యాటరీల కొట్టు, ఎదురుగా డెంటింగు పని. పొద్దున ఎనిమిదింటి నుంచి సాయంత్రం ఆరింటి దాకా సుత్తి దెబ్బ ఆగేది కాదు. అన్నేళ్ళూ చెవుల్లో దూది పెట్టుకోవాలని ఎవరికీ తోచలేదు. దూది పెట్టుకుంటే చెవి మేస్త్రి ఎలా అవుతాడు?

మొదట కనిపెట్టింది ఆయన భార్య. ఒక ఆదివారం ఆవిడ స్నానానికి వెళ్తూ "మూడు విజిల్స్ రాగానే ఆపండి" అని చెప్పి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి కుక్కర్ అడుగు మాడి ఇల్లంతా పొగ. ఆయన పక్కనే కుర్చీలో కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు.

"వినపళ్ళేదా?" అంది ఆవిడ.

"విజిల్ ఎక్కడ వచ్చింది? దాని వాషరు పాడైపోయుంటుంది, చూస్తానుండు."

వాషరు బాగానే ఉంది. అయినా ఆయన మార్చాడు. ఆ తర్వాత టీవీ గొంతు పెరుగుతూ వచ్చింది. మనవడి మాటలు అర్థం కాకపోతే "వీడికింకా నోరు తిరగడం లేదు" అన్నాడు. భార్య చెవుల డాక్టరు మాటెత్తితే, "నువ్వే ఈమధ్య నోట్లో నోట్లో మాట్లాడుతున్నావు" అని ఆవిడ మీదకే తోసేశాడు. ఆవిడ మరో రెండుసార్లు చెప్పి చూసింది. ఆయన పెడచెవిన పెట్టాడు.

షెడ్డులో మాత్రం పెద్ద ఇబ్బంది రాలేదు. లోతు చప్పుళ్ళు ఇంకా వినపడుతూనే ఉన్నాయి. బేరింగులూ పిస్టన్లూ ఆయన్ని మోసం చెయ్యలేదు. పోతూ వచ్చినవి సన్నటి చప్పుళ్ళు: ఇనుము ఇనుముకి రాసుకునే గీరుడు, గలగల. అవి ఒకరోజున ఉండి మర్నాడు లేకుండా పోలేదు, నెమ్మదిగా జారిపోయాయి. పోయినట్టు ఆయనకి తెలియనే లేదు. కొత్త తరం ఇంజన్లు మెత్తగా తిరుగుతున్నాయనుకున్నాడు.

మేస్త్రికి ఒక్కతే చెల్లెలు. ఆమె భర్త స్కూల్లో సైన్సు ల్యాబు అసిస్టెంటుగా చేసి రిటైరయ్యాడు. మేస్త్రి కంటే మూడేళ్ళు పెద్ద. ఒకరినొకరు "బావా" అనే పిలుచుకునేవారు. ఇద్దరికీ పడినంతగా అన్నదమ్ములకి కూడా పడదని అందరూ అనేవారు. ఆ బావకి ఇరవై రెండేళ్ళ పాత కారొకటి ఉండేది. ల్యాబులో సీసాలకి లేబుళ్ళు అతికించిన చెయ్యి ఊరుకోక, ఆ కారులో ప్రతి స్విచ్చుకీ గుండ్రటి అక్షరాలతో లేబులు అతికించాడు. లైట్లు, వైపర్లు, హారను. హారను లేబులు కింద చిన్నగా "అవసరమైతేనే" అని కూడా.

నెలలో మొదటి ఆదివారం బావ ఆ కారేసుకుని షెడ్డుకొచ్చేవాడు. బండికి పని ఉండాలని లేదు. మేస్త్రి బానెట్ ఎత్తి ఆయిలు చూసేవాడు, నీళ్ళు చూసేవాడు, ఇద్దరూ టీ తాగేవారు.

"నా చెల్లెలి కంటే ఈ కారునే బాగా చూసుకుంటున్నావు బావా" అనేవాడు మేస్త్రి.

"కారు ఎదురు మాట్లాడదు కదా బావా. ఆపమంటే ఆగుతుంది" అనేవాడాయన. ప్రతి నెలా అదే మాట, ప్రతి నెలా అదే నవ్వు.

ఆ ఎండాకాలం మొదట్లో బావ ఆదివారం దాకా ఆగకుండా గురువారమే వచ్చాడు.

"బావా, పొద్దున్నే స్టార్టు చెయ్యగానే ఒక చప్పుడొస్తోంది. బావిలోకి గొలుసు జారుతున్నట్టు గలగలమని. కాసేపటికి తగ్గుతోంది గానీ పూర్తిగా పోవడం లేదు. పై వారం పిల్లని హాస్టల్ నించి తీసుకురావాలి. కొండ దాటి వెళ్ళాలి కదా, ఒకసారి చూడు."

గొలుసు అన్న మాట వినగానే మేస్త్రికి టైమింగు చైను తట్టకపోలేదు. ఇంజను లోపల ముందు భాగంలో, మూత వెనకాల, ఒక గొలుసు ఉంటుంది. కింద తిరిగే ఇరుసుకీ పైన తెరుచుకుని మూసుకునే వాల్వులకీ అదే లంకె. పాతబడి సాగితే లూజుగా ఊగుతూ మూతకి కొట్టుకుంటుంది. తెగితే ఇంజను ఎక్కడున్నది అక్కడే చచ్చిపోతుంది. ఇవన్నీ ఆయనకి నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగిన సంగతులు.

స్క్రూడ్రైవరు తీసుకుని మొన మూత మీద ఆనించాడు. పిడి చెవి వెనక పెట్టుకున్నాడు. ఇంజను గుండ్రంగా, లోతుగా, తేనెతుట్టెలా మోగుతోంది. గలగల లేదు. ఇంకో చెవికి పెట్టుకున్నాడు. లేదు.

"ఇప్పుడు కూడా వస్తోంది కదా?" అన్నాడు బావ.

మేస్త్రి తలెత్తి చూశాడు. బావ మొహంలో ఎదురుచూపు. చప్పుడు ఆయనకి అంత దూరంలో నిలబడినా వినపడుతోందన్నమాట. ఇంజనుకి తలానించిన తనకి వినపడడం లేదు. పదడుగుల్లో బ్యాటరీ కొట్టాయన ఉన్నాడు. "తమ్ముడూ, ఇటొచ్చి ఒకసారి విని చెప్పు" అంటే చాలు. కానీ ఇన్నేళ్ళుగా ఆ కొట్టాయనే "అన్నా, ఒకసారి విని చెప్పు" అంటూ వచ్చినవాడు. అతన్ని పిలిచి అడగడమంటే మేస్త్రికి నోరు రాలేదు.

"ఆఁ, వస్తోంది" అన్నాడు. "ట్యాపెట్లు లూజయ్యాయి. ఇరవై రెండేళ్ళ బండి, ఆమాత్రం దగ్గకపోతే ఎలా బావా? నువ్వు దగ్గడం లేదూ?"

బావ నవ్వాడు. ఎప్పటిలా వెంటనే కాదు, ఒక క్షణం ఆగి.

మేస్త్రి ట్యాపెట్లు సరిచేశాడు. చైను మూత విప్పాలంటే సగం రోజు పని. విప్పలేదు. బండి మళ్ళీ స్టార్టు చేసి "ఇప్పుడు విను" అన్నాడు. బావ బానెట్ మీదకి వంగి కాసేపు విన్నాడు. తర్వాత మేస్త్రి మొహం వంక చూశాడు.

"తగ్గింది బావా" అన్నాడు.

ఆ పై బుధవారం పొద్దున పదకొండింటికి షెడ్డులో ఫోను మోగింది. బ్యాటరీ కొట్టాయన చెప్తే మేస్త్రి ఎత్తాడు.

"బావా! బండి ఆగిపోయింది. ఠప్పుమని ఏదో తెగినట్టయింది" బావ గట్టిగా అరుస్తున్నాడు కాబట్టి అంతవరకు వినపడింది.

"ఎక్కడున్నావు?"

"కొండ మీద. రెండో మలుపు దాటగానే."

అటు లారీ ఏదో పోతున్న హోరు. ఆ హోరులో బావ ఇంకో మాట చెప్పాడు. కాస్త పొడుగాటి మాటే. మేస్త్రికి ముక్క కూడా అందలేదు.

"ఏంటి బావా?"

మళ్ళీ చెప్పాడు. మళ్ళీ అందలేదు. ఎదురుగా బ్యాటరీ కొట్టాయన నిలబడి చూస్తున్నాడు, ఒక కస్టమరు కూడా. రెండోసారి "ఏంటి" అనడానికి మేస్త్రికి సిగ్గేసింది.

"సరే సరే, అలాగే చెయ్యి. నేను బయల్దేరుతున్నా" అన్నాడు.

కొట్టాయన వ్యానులో, పనిముట్ల సంచీతో బయల్దేరితే గంట పట్టింది. రెండో మలుపు దగ్గర ఒక బస్సు ఆగి ఉంది, జనం గుమిగూడి ఉన్నారు. కారు సగం రోడ్డు దిగి మట్టిలో ఉంది, వెనక చక్రాలింకా తారు మీదే. నెత్తిన ఎండ నిప్పులు చెరుగుతోంది. కారు డిక్కీ మీద దుమ్ములో రెండు అరచేతుల గుర్తులు, పక్కపక్కన, గట్టిగా అదిమినవి. దాని వెనక ఒక్క చెప్పు.

"పెద్దాయనొక్కడే నెట్టుకుంటున్నాడండీ" అన్నాడు బస్సు డ్రైవరు. "మలుపులో ఉందని, పక్కకి తీద్దామనుకున్నాడేమో. మేం వచ్చేసరికి టైరుకి ఆనుకుని కూర్చునున్నాడు. పలకరిస్తే పలకలేదు. జీపులో ఎక్కించి పంపాం."

ఆసుపత్రిలో డాక్టరు గుండె అన్నాడు. తీసుకొచ్చేలోపే ప్రాణం పోయిందన్నాడు. చెల్లెలు అప్పటికే వచ్చి వరండాలో గోడకి ఆనుకుని కింద కూర్చుని ఉంది. ఏడవడం లేదు. మేస్త్రిని చూసి, "పిల్ల అక్కడ ఎదురుచూస్తూ ఉంటుందన్నయ్యా. పెట్టె సర్దుకుని గేటు దగ్గర కూర్చుంటానంది" అంది.

ఆ సంగతి అప్పటిదాకా ఎవరికీ గుర్తు రాలేదు. మేస్త్రే వెళ్ళాడు. సాయంత్రం నాలుగున్నరకి హాస్టలు గేటు దగ్గర మేనకోడలు రేకు పెట్టె మీద కూర్చుని కనపడింది. ఆమె కాళ్ళ దగ్గర పుస్తకాల కట్టలు, ఒక బకెట్టు, దాంట్లో చీపురు. వ్యాను దిగిన మేనమామని చూసి లేచి నిలబడింది.

"నాన్నేడీ మామయ్యా?"

ఆ మాట మాత్రం మేస్త్రికి స్పష్టంగా వినపడింది.

రెండు వారాల తర్వాత ఆయన ఆ కారుని షెడ్డుకి లాక్కొచ్చి చైను మూత విప్పాడు. ఎవరూ విప్పమనలేదు. గొలుసు తెగి ముద్దగా కింద పడి ఉంది. ఆయన దాన్ని పక్కన పెట్టి, మూత తిరగేసి వెలుతురులోకి పట్టుకున్నాడు. మూత లోపలివైపు చూపుడువేలంత వెడల్పున ఒక గాడి పడి ఉంది, వెండిలా మెరుస్తూ. గొలుసు కొట్టుకుని కొట్టుకుని తొలిచిన గాడి. ఒక వారంలో పడేది కాదది. కనీసం ఆరు నెలలుగా కొట్టుకుంటూ ఉండాలి. ఆ ఆరు నెలల్లో బావ ఆరుసార్లు షెడ్డుకొచ్చాడు. ఆరుసార్లూ మేస్త్రి బానెట్ ఎత్తాడు, ఆయిలు చూశాడు, పక్కనే నిలబడి టీ తాగాడు.

గాడిలో వేలు పెట్టి, ఈ చివర్నించి ఆ చివరిదాకా తడిమాడు. బ్యాటరీ కొట్టాయన గుమ్మంలోంచి చూసి వెళ్ళిపోయాడు.

ఇంటికెళ్ళి భార్యకి చెప్పాడు. "మీ చెల్లెలికి చెప్పకండి" అందావిడ. "ఇప్పుడు చెప్పి ఎవరికి మేలు? పోయిన మనిషి తిరిగిరాడు. ఉన్న చెల్లెలు కూడా దూరమవుతుంది."

ఆవిడ చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. కానీ మేస్త్రికి అన్నం దిగడం మానేసింది. ఫోనులో బావ చెప్పిన ఆ పొడుగాటి మాట ఏమై ఉంటుందా అని పగలంతా అదే ధ్యాస. 'బండి మలుపులో ఉంది, పక్కకి నెట్టనా' అని అడిగి ఉంటే? తను 'అలాగే చెయ్యి' అన్నాడు. 'గుండెలో ఏదోలా ఉంది, ఇక్కడే కూర్చోనా' అని ఉంటే? దానికీ 'అలాగే చెయ్యి' అన్నాడు. ఏదై ఉంటుందో చెప్పగలిగిన మనిషి ఒక్కడే, ఆయన లేడు.

నెల తిరిగాక ఒక మధ్యాహ్నం చెల్లెలింటికి వెళ్ళాడు. చెల్లెలు మంచం మీద బావ చొక్కాలు పరుచుకుని, ఊడిన గుండీలు కుడుతోంది. ఎవరికైనా ఇచ్చేవే అయినా గుండీలు లేకుండా ఇవ్వడం ఆమెకి ఇష్టం లేదు. మేనకోడలు ఇంట్లో లేదు.

మేస్త్రి కూర్చున్నాడు. మంచినీళ్ళిస్తే తాగలేదు. తల దించుకుని మొత్తం చెప్పాడు. కుక్కర్ దగ్గర్నించి మొదలుపెట్టి, స్క్రూడ్రైవరు, ట్యాపెట్లు, మూతలో గాడి, ఫోను. "నాకు వినపళ్ళేదమ్మా. వినపడిందని అబద్ధం చెప్పాను. బావని నేనే కొండెక్కించాను" అన్నాడు.

చెల్లెలు సూది చొక్కాకి గుచ్చి పక్కన పెట్టింది.

"ఆ చప్పుడు నాకు కూడా వినపడేదన్నయ్యా" అంది.

ఆయన తలెత్తాడు.

"పొద్దున్నే ఆయన బండి తియ్యగానే వంటింట్లోకి వినపడేది. పాలబ్బాయి కూడా అడిగాడు, ఏంటమ్మా ఆ గోల అని. నీ దగ్గర్నించి వచ్చిన రోజు కూడా అలాగే ఉంది, ఏం తగ్గలేదు. నేనన్నాను, ఇంకెక్కడైనా చూపించండీ అని."

"మరి?"

ఆమె చొక్కా కాలరు సరిచేసింది, మళ్ళీ సరిచేసింది.

"నీకు వినపడ్డం లేదని ఆయనకి తెలుసన్నయ్యా. ఆ రోజే కాదు, అంతకుముందు నించే తెలుసు. 'పాపం మీ అన్నయ్యకి చెవులు పోతున్నాయి, ఎవరితోనూ అనకు, ఆ చెవుల మీదే బతికినవాడు' అన్నారు. పక్క షెడ్డుకి తీసుకెళ్తే నీ చెవిన పడుతుంది, చిన్నబుచ్చుకుంటావని. 'పిల్లని తెచ్చేశాక నెమ్మదిగా వేరేచోట చూపిద్దాం, మీ అన్నయ్యకి తెలియనివ్వొద్దు. ఒక్కసారికి ఏం కాదులే' అన్నారు."

మేస్త్రి చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి.

"నేనైనా నీకు చెప్పాల్సింది" అంది చెల్లెలు. "ఫోను చేసి, అన్నయ్యా నీకు వినపడ్డం లేదు, నువ్వు చూసింది తప్పు అని ఒక్కమాట అనుంటే అయిపోయేది. నేనూ అనలేదు. అందరం నీ పరువే చూశాం." ఆమె చొక్కా మడిచి ఒళ్ళో పెట్టుకుంది. "నువ్వు మాత్రం ఆయన ప్రాణం చూళ్ళేదు."

ఆ తర్వాత, "ఇవాళ్టికి వెళ్ళన్నయ్యా" అంది. కోపంగా కూడా కాదు, అలిసిపోయినట్టు. ఆయన లేచి చెప్పులేసుకున్నాడు. గుమ్మం దాటాక వెనక నించి ఆమె ఏమైనా అందేమో ఆయనకి తెలియదు.

ఏడాదిన్నర పాటు చెల్లెలు అన్నయ్య ఇంటి గడప తొక్కలేదు. మేస్త్రి భార్య ఫోను చేస్తే "బాగున్నాం వదినా" అని రెండు మాటలు మాట్లాడి పెట్టేసేది. కారు మాత్రం తన గుమ్మం ముందుకి రాకూడదని కబురు చేసింది. మేస్త్రి దాన్ని పాత సామాన్లవాళ్ళకి ఇచ్చేశాడు. ఇచ్చేముందు స్విచ్చుల మీద లేబుళ్ళు గోటితో ఊడదీయబోతే, జిగురు ఎండిపోయి కాగితం ముక్కలు ముక్కలుగా వచ్చింది. ఒక్కటి కూడా పూర్తిగా చేతికి రాలేదు.

చెవుల డాక్టరమ్మ దగ్గరికి ఈసారి తనే వెళ్ళాడు. చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకి ఏదో తగిలించి, "శబ్దం వినపడగానే ఈ బటను నొక్కండి" అందామె. అద్దం అవతల ఆమె చెయ్యి కదలడం చూసి ఆయన నొక్కుతూ వచ్చాడు. కాసేపటికి ఆమె కనిపెట్టి కుర్చీ అటు తిప్పుకుంది. అంతే, ఆయన చేతిలో బటను కదలకుండా ఉండిపోయింది.

"సన్నటి శబ్దాలు మీకు ఏడెనిమిదేళ్ళ క్రితమే పోయుండాలి" అందామె పరీక్షయ్యాక. "ఇన్నాళ్ళూ ఎలా నెట్టుకొచ్చారు?"

"నేను నెట్టుకు రాలేదండీ" అన్నాడాయన. ఆమెకి అర్థం కాలేదు.

చెవిలో పెట్టుకునే మిషను ఇచ్చారు. దాంతో మాటలు వినపడేవి గానీ ఇంజను మాత్రం రేకు డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టుండేది. ఏది ట్యాపెట్టో ఏది గొలుసో అన్నీ ఒక్కటే. షెడ్డు గేటుకి చిన్న అట్ట రాసి కట్టాడు: 'బ్రేకులు, క్లచ్చి, ఆయిలు మార్చబడును. చప్పుళ్ళు చూడబడవు.' పాత కస్టమర్లు అది చదివి నవ్వారు. ఒకాయన దాన్ని వేళాకోళమనుకుని బానెట్ ఎత్తి, "మేస్త్రీ, ఒక్కసారి, నా కోసం" అని బతిమాలాడు. మేస్త్రి చేతులు తుడుచుకుంటూ, "నాకు వినపడదు బాబూ. ఎదుటి వీధిలో కంప్యూటరు పెట్టి చూస్తున్నారు, అక్కడికి వెళ్ళు" అన్నాడు. ఆ మొదటిసారి అనడం కష్టమైంది. తర్వాత అలవాటైంది. చెవి మేస్త్రి అన్న పేరు మాత్రం పోలేదు. కొత్తగా వచ్చినవాళ్ళు చెవిలో మిషను చూసి, అందుకే ఆ పేరు వచ్చిందనుకునేవారు.

మేనకోడలికి ఉద్యోగం వచ్చిందన్న రోజున చెల్లెలి దగ్గర్నించి ఫోను వచ్చింది. "వదినని తీసుకుని రా అన్నయ్యా" అంది. అంతకుమించి ఏమీ అనలేదు, ఆయనా అడగలేదు. ఆ తర్వాత నెలకొకసారి రాకపోకలు సాగాయి. భోజనం పెట్టేది. వదినతో మాట్లాడేది. అన్నయ్యతో మాట్లాడాల్సి వస్తే ఎదురుగా వచ్చి నిలబడి, పెదాలు కనపడేలా నిదానంగా మాట్లాడేది. ఆమెకది ఎవరూ నేర్పలేదు.

ఒకనాడు ఆయన వెళ్ళేసరికి ముందుగదిలో ఎలక్ట్రీషియను స్టూలెక్కి ఉన్నాడు. ఫ్యాను ఏదో చప్పుడు చేస్తోందట. ఒకప్పుడు ఆ ఇంట్లో మిక్సీ గీరినా, కుళాయి మోటారు మూలిగినా, చెల్లెలు అన్నయ్యకే ఫోను చేసేది. ఆయన ఫోనులోనే విని, ఎక్కడ ఏది బిగించాలో చెప్పేసేవాడు.

"టకటకమంటోందమ్మా, ఎక్కడ్నించంటారు? పైనించా, రెక్కల దగ్గర్నించా?" అన్నాడు ఎలక్ట్రీషియను.

చెల్లెలు ఫ్యాను కిందకి వచ్చి, తల పైకెత్తి విన్నది. "పైనించే అనుకుంటా. కప్పు దగ్గర" అంది. మేస్త్రి వైపు చూడలేదు. చూడకూడదని చూడకపోవడం కాదు, అలాంటిది ఆయన్ని అడగాలని ఆమెకి తోచడం మానేసింది.

ఎలక్ట్రీషియను మునివేళ్ళ మీద లేచాడు. స్టూలు కొంచెం ఊగింది. మేస్త్రి లేచి వెళ్ళి, దాని కాళ్ళు రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు.